సీటు సరిహద్దుకు అవతల, అమ్మాయి ఇవతల

ఫిబ్రవరి వచ్చిందంటే బళ్లలో సైన్స్ పండగలు రెండు. 11న సైన్సులో మహిళలు, బాలికల అంతర్జాతీయ దినోత్సవం, 28న జాతీయ సైన్స్ దినోత్సవం. రెండింటికీ గోడ మీద ఇంచుమించు అవే ఫొటోలు కనిపిస్తాయి: కల్పనా చావ్లా, క్షిపణి శాస్త్రవేత్త టెస్సీ థామస్, ఈమధ్య చంద్రయాన్-3 అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కల్పన కాళహస్తి. వచ్చిన అతిథి మైకు పట్టుకుని అమ్మాయిల్ని పెద్ద కలలు కనమంటారు. ఆంధ్ర సరిహద్దుకు అవతల ఒడిశాలో ఉన్న రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో, బరంపురంలో తెలుగు ఇళ్ల ఆడపిల్లలు ఆ కలలు ఎప్పటినుంచో కంటున్నారు. పదో తరగతి పాసయ్యాక చేరడానికి దగ్గర్లో ల్యాబూ లెక్చరర్లూ సరిగ్గా ఉన్న సైన్స్ కాలేజీ కావాలి. ఊరు దాటితే ఉండటానికి నమ్మకమైన హాస్టల్ కావాలి. ఇవి లేనిచోట ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఆ అమ్మాయి చివరికి చేరేది ప్లస్ టూ (ఒడిశాలో మన ఇంటర్ లాంటిది) ఆర్ట్స్‌లోనే.

సరిహద్దు తెలుగు ఇళ్లలో లెక్క ఎలా నడుస్తుందో అక్కడివాళ్లందరికీ తెలుసు. కొడుకు పదో తరగతి అవగానే విశాఖపట్నమో విజయనగరమో పంపించి ఇంటర్‌లో వేస్తారు. ఫీజుకీ హాస్టలుకీ అప్పు చేసైనా కడతారు. కూతురి వంతు వచ్చేసరికి, ‘ఆడపిల్లని అంత దూరం ఎలా పంపుతాం, ఇక్కడే ఏదో ఒకటి చదువుకుంటుందిలే’ అంటారు. ఒడిశా ప్రభుత్వం నడిపే శామ్స్ ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఆ పిల్లకు మొదటి ఆప్షన్ ఇంటికి దగ్గర్లోని కాలేజీ. అక్కడ సైన్స్ ఉంటే అదృష్టం. లేకపోతే మార్కులు ఎన్ని వచ్చినా లాభం లేదు. ఈ తల్లిదండ్రులది పాతకాలపు బుర్ర అని తిట్టి ఊరుకోవడం తేలిక. నేను ఆ పని చెయ్యను. కూతురి తెలివి మీద వాళ్లకు అనుమానం లేదు. వాళ్ల టెన్షన్ అంతా బస్సు గురించి, చీకటి పడ్డాక దారి గురించి, హాస్టల్ వార్డెన్ ఎలాంటిదో అన్న దాని గురించి.

ఇది ఉబుసుపోక చెప్పే మాట కాదు. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ దాన్ని అధ్యయనం చేస్తే హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య సుమారు 30 శాతం పెరిగిందని తేలింది. పెరుగుదల ఎక్కువగా కనిపించింది హైస్కూలు 3 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న ఊళ్లలో. సైకిల్ ఎవరికీ సైన్స్ మీద ఆసక్తి పుట్టించలేదు. దారిని చిన్నది చేసింది, అంతే. ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థినుల మీద గిరిజా బోర్కర్ చేసిన పరిశోధన కూడా ఇదే చెబుతుంది. ప్రయాణం భద్రంగా ఉంటుందనుకుంటే అమ్మాయిలు మంచి కాలేజీని వదులుకుని నాసి కాలేజీలోనైనా చేరుతున్నారు. దేశ రాజధానిలోనే పరిస్థితి ఇదైతే, రాయగడ కొండదారుల్లో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఐఐటీల సంగతి తీసుకుందాం. 2016 ప్రాంతంలో అక్కడ అమ్మాయిలు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. 2018 నుంచి వాళ్ల కోసం సూపర్‌న్యూమరరీ సీట్లు, అంటే ఉన్నవాటికి అదనంగా సీట్లు, పెట్టారు. అబ్బాయిలకు ఒక్క సీటు కూడా తగ్గలేదు. 2020 నాటికి అమ్మాయిల వాటా 20 శాతానికి చేరింది. రెండేళ్లలో దేశంలో ఆడపిల్లల తెలివి రెండింతలు కాలేదు కదా. తలుపు తీశారు, వచ్చారు.

మన తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే అయ్యలసోమయాజుల లలిత కథను కూడా ఒకసారి సరిగ్గా చదవాలి. 18 ఏళ్లకే భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. 1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరి దేశంలో మొట్టమొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. భాక్రా నంగల్ ప్రాజెక్టుకు కరెంటు పరికరాల డిజైన్‌లో పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారు. మనం ఆవిడ ధైర్యం గురించి చెబుతాం, నిజమే. అయితే ఆవిడ తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. అడ్మిషన్ కోసం ఆయన పట్టుబట్టారు. కాలేజీ హాస్టల్లో ఉండే ఏర్పాటు జరిగింది. పాపను పుట్టింటివాళ్లు చూసుకున్నారు. సీటు, హాస్టలు, బిడ్డను చూసుకునే చేతులు. ఈ మూడూ దొరికాకే ఆ ధైర్యం డిగ్రీ దాకా వచ్చింది. రాయగడ మార్కెట్లో బట్టల కొట్టు నడుపుకునే నాన్నకు ఏ కాలేజీ ప్రిన్సిపాలూ తెలియడు. ఆయన కూతురికి ఆ మూడింటినీ ఎవరివ్వాలి? ప్రభుత్వమే ఇవ్వాలి.

ఇంతవరకూ చెప్పింది వెనుకబడిన జిల్లాలు చాలావాటికి వర్తిస్తుంది. సరిహద్దు తెలుగు అమ్మాయికి మాత్రం ఇంకో అడ్డం ఉంది. దాని గురించి ఆంధ్రప్రదేశ్‌లో ఎవరూ మాట్లాడరు. ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులకు కేటాయిస్తారు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు దీనికి మూలం. లోకల్ కావాలంటే ఇంటర్ పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. వెనక్కి లెక్కేయండి. ఇంటర్ రెండేళ్లు, అంతకుముందు పది, తొమ్మిది. అంటే గుణుపురం పిల్ల తొమ్మిదో తరగతిలోనే, పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, ఇల్లు వదిలి రావాలి. ఇంటర్‌కి మాత్రమే వస్తే చాలదు. మిగతా 15 శాతంలో చూద్దామంటే, అక్కడా తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు నివాసం ఉన్నట్టు చూపించాలనే తరహా షరతులు. మూడు తరాలుగా రాయగడలో ఉన్న కుటుంబం ఆ కాగితం ఎక్కణ్నుంచి తెస్తుంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఊసే లేదు.

ఈ రూల్‌లో అమ్మాయి, అబ్బాయి అన్న తేడా ఎక్కడా రాసి లేదు. కానీ పదమూడేళ్ల కొడుకుని హాస్టల్లో వేసే ఇళ్లు వందల్లో ఉంటాయి. కూతురిని వేసే ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాగితం మీద అందరికీ ఒకటే అయిన నిబంధన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్లనే ఆపుతోంది. పర్లాకిమిడి నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో ఆంధ్ర వైపు పాతపట్నం. అక్కణ్నుంచి ఆర్టీసీ బస్సులో ఆంధ్ర ఆడపిల్లలు 2025 ఆగస్టు నుంచి స్త్రీశక్తి పథకం కింద ఉచితంగా వెళ్తున్నారు. ఆధార్‌లో ఒడిశా అడ్రస్ ఉన్న తెలుగు పిల్ల పక్క సీట్లోనే కూర్చుని టికెట్ కొనుక్కోవాలి. చిన్న సంగతే, కానీ ఇలాంటివే రోజూ ఆ పిల్లకి ‘ఇది నీ చోటు కాదు’ అని చెబుతుంటాయి.

ఇప్పుడు ఇదంతా అవసరమా అని అడిగేవాళ్లు ఉన్నారు. ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో సైన్స్ కోర్సుల్లో చేరినవాళ్లలో సగానికి పైగా, 2021-22లో 52 శాతం, అమ్మాయిలే కదా అంటారు. ఆ అంకె నిజమే. ఇంజనీరింగ్ డిగ్రీ దగ్గరికి వచ్చేసరికి అది మూడో వంతుకన్నా తగ్గిపోతుంది. పరిశోధన ఉద్యోగాల్లో అయిదో వంతు కూడా లేదు. పైగా అది దేశం మొత్తం మీద సగటు. 2011 జనాభా లెక్కల్లో రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఆడవాళ్ల అక్షరాస్యతే 40 శాతం లేదు. బెంగళూరు అమ్మాయి బీఎస్సీలో చేరితే గుణుపురం అమ్మాయికి న్యాయం జరిగినట్టు కాదు.

అసలు నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, ఈ రెండు ప్రభుత్వాలకూ సరిహద్దు గుర్తులేక కాదు. బాగా గుర్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. ఆ గీత గురించి అప్పుడు మొదలైన వాదన ఇప్పటికీ చల్లారలేదు. ఆంధ్రలోని సాలూరు, ఒడిశాలోని పొట్టంగి మధ్య కొటియా గ్రామాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఆ కొండ ఊళ్లలో ఒకే ఇంటికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, ఒకే మనిషికి రెండు ఓటరు కార్డులు ఉన్నాయి. ఒకరు పింఛను ఇస్తే ఇంకొకరు రోడ్డు వేస్తారు. ఒకరు పంచాయతీ ఎన్నిక పెడితే ఇంకొకరు పోలీసుల్ని పంపుతారు. నేల కోసం, ఓటు కోసం అరవై ఏళ్లుగా పోటీపడుతున్నవాళ్లు ఫిజిక్స్ ల్యాబ్ కోసం ఒక్కసారి పోటీపడి ఉంటే కొటియా నుంచి ఈపాటికి ఇంజనీర్లు వచ్చేవాళ్లు. మనవైపు తెలుగు సంఘాలు కూడా తక్కువేం కాదు. సరిహద్దు తెలుగువాళ్లు అనగానే భాష, బడిబోర్డు, పద్యాల పోటీ. ఆ పోటీలో మొదటి బహుమతి కొట్టిన పిల్ల ఆ తర్వాత ఏం చదివిందని ఎవరూ అడగరు.

భాష గురించి పట్టింపు ఉన్నవాళ్లకు ఆ గడ్డ మీదే గొప్ప ఉదాహరణ ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్లకు వాచకాలు రాశారు. ఇవాళ అదే పట్టణంలో పదో తరగతి దాకా తెలుగులోనో ఒడియాలోనో చదివిన అమ్మాయి ప్లస్ టూ సైన్స్‌లో అడుగుపెట్టగానే ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం ముందు కూలబడుతోంది. మొదటి మూడు నెలలు ఎవరైనా టార్క్ అంటే ఏమిటో, మోల్ అంటే ఏమిటో ఇంటి మాటల్లో విప్పి చెబితే ఆ పిల్ల నిలబడుతుంది. ట్యూషన్‌కి సాయంత్రం బయటికి పంపని ఇంట్లో ఆ సాయం కాలేజీలోనే దొరకాలి.

చిత్రమేమిటంటే ఇంజనీరింగ్ కాలేజీలకు ఈ జిల్లాల్లో కొరత లేదు. గుణుపురంలో గైట్ ఉంది, పర్లాకిమిడిలో సెంచూరియన్ ఉంది, రాయగడలో మిట్స్ ఉంది. బరంపురం దగ్గర ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ 2016 నుంచి నడుస్తోంది. పనిచేసే చోట్లకూ కొరత లేదు. సునాబెడలో హెచ్‌ఏఎల్ యుద్ధవిమానాల ఇంజిన్లు తయారుచేస్తుంది. దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీ, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, రాయగడ పక్కనే కాగితం మిల్లు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాత్రి షిఫ్టుకు కూడా 2019 నుంచి మహిళలకు అనుమతి ఉంది. మొదటి మెట్టు బడి, చివరి మెట్టు ఫ్యాక్టరీ, రెండూ కళ్లముందే ఉన్నాయి. మధ్యలో ప్లస్ టూ అనే రెండేళ్ల మెట్టు విరిగిపోయింది. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అమ్మాయిలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు ఇస్తుంది, మంచిదే. కానీ అది ఇంజనీరింగ్ డిగ్రీలోనో డిప్లొమాలోనో చేరినవాళ్లకు. ఆర్ట్స్‌లోకి వెళ్లిపోయిన పిల్ల బీటెక్ దాకా ఎలా చేరుతుంది?

కాబట్టి ఒడిశా ప్రభుత్వాన్ని అడగాల్సింది: సరిహద్దు బ్లాకుల్లో అమ్మాయిలు నడిచో సైకిల్ మీదో చేరగలిగే ప్లస్ టూ సైన్స్ కాలేజీలు, వాటికి ఆనుకుని ఆడపిల్లల హాస్టళ్లు, వార్డెన్‌గా బయటివాళ్లు కాకుండా అక్కడి భాషలు వచ్చిన మహిళా లెక్చరర్లు. ఐటీఐల్లో అమ్మాయిల కోసం సుదక్ష పథకం తెచ్చి ఫీజు మాఫీ చేసి, హాస్టల్ ఖర్చు భరిస్తున్న రాష్ట్రానికి ఇది చేతకాని పని కాదు. అదే పద్ధతి ప్లస్ టూ సైన్స్‌కి పెడితే చాలు.

ఆంధ్రప్రదేశ్‌ను అడగాల్సింది ఇంకా సూటిగా ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో సరిహద్దు అవతలి తెలుగు అమ్మాయిలకు అదనపు సీట్లు సృష్టించండి. ఐఐటీల్లో చేసినట్టే, ఉన్న సీట్లలోంచి ఒక్కటి కూడా తీయకుండా. లోకల్ అభ్యర్థుల 85 శాతానికి ఏ నష్టమూ ఉండదు. నాలుగేళ్ల నిబంధన ఆ సీట్లకు వర్తించదని ఒక జీవోలో రాయాలి, హాస్టల్ సీటు కూడా దానితోనే కలిపి ఇవ్వాలి. సీటు ఇచ్చి హాస్టల్ ఇవ్వకపోతే ఆ సీటు ఖాళీగా ఉంటుంది, ఇంట్లో చదువు మళ్లీ అన్నయ్యకే పోతుంది.