మురుగునీటి శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) కడితే సరిపోదు, వాషింగ్ మెషిన్ దగ్గరే ఆపాలి

ప్లాస్టిక్ కాలుష్యం అనగానే మనకు నాలాల్లో తేలే కవర్లు, సీసాలే గుర్తొస్తాయి. అవి ఎండకు పెళుసెక్కి, ముక్కలై మైక్రోప్లాస్టిక్ అవుతాయి, నిజమే. కానీ నా కోపమంతా ఎవరూ పట్టించుకోని ఇంకో దారి మీద. అది మన వాషింగ్ మెషిన్ పైపు.

పాలిస్టర్ చీరలు, లెగ్గింగ్స్, జిమ్ టీషర్టులు, పిల్లల యూనిఫాంలు చాలావరకు ప్లాస్టిక్ దారమే. ఉతికినప్పుడల్లా కంటికి ఆనని పోగులు ఊడి నీళ్లతో పోతాయి. ఆరు కిలోల యాక్రిలిక్ (ఇదీ ప్లాస్టిక్ దారమే) బట్టలు ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు ఊడొచ్చని బ్రిటన్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లోనే లెక్కగట్టారు. ఇక మన కూకట్‌పల్లి, మియాపూర్ అపార్ట్‌మెంట్ల సంగతి ఆలోచించండి.

"అంబర్‌పేటలో, నాగోల్‌లో ఎస్టీపీలున్నాయి కదా" అంటారు. ఉన్నాయి, ఇంకా కావాలి కూడా. బాగా నడిచే ఎస్టీపీ మైక్రోప్లాస్టిక్‌లో 90 శాతం దాకా నీళ్లలోంచి తీసేయగలదు. అతి సన్నని రంధ్రాలుండే మెంబ్రేన్ (పొర) ఫిల్టర్లు పెడితే ఇంకా ఎక్కువే. మరి తీసినదంతా ఎటు పోయింది? చాలావరకు అడుగున చేరే బురదలోనే ఉంటుంది. ఆ బురదను ఎరువుగా చల్లితే పొలంలోకి, వానొస్తే మళ్లీ చెరువులోకి. నీళ్లు ఎంత శుభ్రమయ్యాయో చెప్పే అధికారులు ఈ బురద లెక్క కూడా చెప్పాలి. శుద్ధికి చిక్కని పోగులేమో నీళ్లతో మూసీలోకి పోతాయి. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు ఆ మూసీ నీళ్లతోనే వరి, పశువుల గడ్డి పెంచుతున్నారు. ఆ గడ్డి మేసే గేదెల పాలు మన పిల్లలే తాగుతున్నారు. మిగిలిన నీళ్లు వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి.

రోడ్ల మీద అరిగే టైర్ల పొడి కూడా మైక్రోప్లాస్టికే, దాని సంగతి మరీ ఘోరం. వానకు కొట్టుకొచ్చి, చాలాచోట్ల ఏ శుద్ధీ లేకుండానే నాలాలోకి దిగుతుంది.

"మేం బాటిల్ నీళ్లే తాగుతాం" అనేవాళ్లకు ఒక మాట. అమెరికాలో అమ్మే బాటిల్ నీళ్లను అక్కడి శాస్త్రవేత్తలు పరీక్షిస్తే లీటరుకు సగటున 2.4 లక్షల ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. ఆ ఫలితాలు వచ్చింది 2024లో.

అందుకే ఇంటి దగ్గరే ఆపాలంటున్నాను. 2025 నుంచి కొత్త వాషింగ్ మెషిన్లకు పోగులు పట్టే ఫిల్టర్ ఉండాలని ఫ్రాన్స్ 2020లోనే చట్టంలో రాసుకుంది. కరెంటు ఆదాకి స్టార్ రేటింగ్ ఇస్తున్న మన ప్రభుత్వం ఈ ఫిల్టర్‌ను ఎందుకు తప్పనిసరి చేయకూడదు? అందాకా మెషిన్ నిండాక, చల్లటి నీళ్లతోనే ఉతకండి. మీ మెషిన్‌కు ఫిల్టర్ ఉంటే, అందులో చేరిన నూగును మాత్రం సింక్‌లో కడగొద్దు, చేత్తో తీసి పొడి చెత్తలో వేయండి.