పది సెకన్లయితే ఫర్వాలేదని ఎవరు చెప్పారు?

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. "అదిరిపోయే యాడ్ జింగిల్‌కి ఏడు రహస్యాలు" అని పైన, "పది మంది వ్యాపారులకు పంపండి" అని కింద. ఈసారి పంపింది బట్టల కొట్టు నడిపే మా బాబాయ్. "ఇదేదో తేలిగ్గానే ఉందిరా, దసరాకి మనమూ ఒకటి చేయిద్దాం, ఆ కొత్త సినిమా పాట ట్యూన్ తీసేసుకుందాం" అన్నాడు ఫోన్‌లో. ఎఫ్ఎం ప్రకటనలకీ ఆటో మైకులకీ ఇలాంటి జింగిల్స్, అంటే ప్రకటన పాటలు, రాసి బతుకుతున్నవాణ్ణి, ఇక ఊరుకోలేకపోయాను.

మొదటి రహస్యం: షాపు పేరు ఏడుసార్లు రావాలట. ముప్ఫై సెకన్ల పాటలో, కాస్త హుషారు నడక పెట్టుకుంటే, అరవై తాళం దెబ్బలు పడతాయి. దెబ్బకి రెండక్షరాల చొప్పున అయిదక్షరాల పేరు ఏడుసార్లు పాడితే దాదాపు మూడో వంతు దానికే పోయింది. నిర్మా పాటలో పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది కదా అంటారు. ఆ పేరు రెండక్షరాలు, అదీ లైను చివర, సరిగ్గా గొంతు ఆగే చోట పడుతుంది. పేరు ఎక్కడ పడిందన్నదే ముఖ్యం, ఎన్నిసార్లన్నది తర్వాత.

రెండోది, ప్రాస కుదిరితే అర్థం లేకపోయినా ఫర్వాలేదట. "రండి, చూడండి, కొనండి" అని రాసి ప్రాస కుదిరిందంటారు. తెలుగులో ఎవరినైనా మర్యాదగా పిలిస్తే చివర "అండి" వచ్చి తీరుతుంది, దాన్ని ఏ చెవీ పట్టించుకోదు. మన చెవి పట్టుకునేది మాట మొదలు. "కలిమిలేములు కావడికుండలు" అన్న సామెత నోట్లో నిలిచిపోవడానికి ఆ రెండు "క"లే కారణం.

ఇంగ్లీషు మాటలుంటేనే కుర్రాళ్ళు వింటారన్నది అయిదో రహస్యం. దీనికి జవాబు చెప్పను.

జింగిల్ హిట్టయితే సరుకు దానంతటదే అమ్ముడుపోతుందన్నది ఆరోది. నిర్మా కంపెనీ పెట్టిన కర్సన్‌భాయ్ పటేల్ 1969లో బట్టలుతికే పొడి తయారుచేసి సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మాడు, అదీ పెద్ద కంపెనీ పొడి కంటే ఎంతో తక్కువ ధరకి. పాట ఆ తర్వాత వచ్చింది.

ఇక అసలు సంగతి, మూడో రహస్యం. "హిట్ పాట ట్యూన్ తీసుకుని మాటలు మార్చండి, పది సెకన్లలోపు అయితే కాపీరైట్ వర్తించదు." ఎక్కడుంది ఈ పది సెకన్ల లెక్క? 1957 కాపీరైట్ చట్టం మొదటి నుంచి చివరిదాకా చదవండి, సెకన్ల మినహాయింపు ఎక్కడా కనపడదు. సాహిత్యానికి ఒక హక్కు, సంగీతానికి ఇంకొకటి, రికార్డింగ్‌కి వేరొకటి. మాటలు మార్చినంత మాత్రాన ట్యూన్ మీ సొంతం కాదు. సంగీతం మీద హక్కు ఆ సంగీత దర్శకుడు పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. పెళ్ళి ఊరేగింపులో పాట పెట్టుకోవచ్చని చట్టంలో ఉంది, నిజమే, కానీ చీరల కొట్టు ప్రకటన పెళ్ళి కాదు కదా! తెలిసి చేశారని తేలితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా దాకా ఉంది. ఫార్వర్డ్ చేసేవాళ్ళలో ఒక్కడైనా ఇది చూశాడా? నాకు తెలిసిన ఒక మిఠాయి కొట్టాయన ఇలాగే చేస్తే దీపావళి వారంలో, కాపీరైట్ గొడవతో, నెట్‌లో పెట్టిన ప్రకటన వీడియోకి శబ్దం ఆగిపోయింది. డబ్బు పోయింది, పండగా పోయింది. మెసేజ్ రాసినవాడు వచ్చి కట్టాడా ఆ నష్టం?

చట్టం సంగతి పక్కన పెట్టండి. ఆ ట్యూన్ వినగానే జనానికి గుర్తొచ్చేది హీరో, హీరోయిన్, ఆ డాన్సు. మీరు డబ్బిచ్చి ఇంకొకరి సినిమాకి ప్రచారం చేస్తున్నారు. పాత ట్యూనే కావాలంటే దారి లేకపోలేదు. టైటాన్ వాచీల ప్రకటన సంగీతం మోజార్ట్ అనే పాశ్చాత్య సంగీతకారుడి 25వ సింఫనీలోది, ఆయన 1791లో పోయాడు, ఆ సింఫనీ ట్యూన్ ఎవరైనా వాడుకోవచ్చు. మన జానపద వరసలు ఎన్ని లేవు! కొత్తది కట్టించుకోవాలంటే మీ ఊళ్ళోనే కీబోర్డ్ వాయించే కుర్రాడు ఉంటాడు. ఏ.ఆర్.రెహమాన్ సినిమాలకి సంగీత దర్శకుడు కాకముందు, 1987లో, మన హైదరాబాద్ ఆల్విన్ వాచీలకి జింగిల్ చేశాడు. అప్పటికి ఆయన కూడా పెద్దగా పేరు లేని కుర్రాడే.

నాలుగో రహస్యం ఇంచుమించు ఇలాంటిదే, హిందీ జింగిల్‌ని తెలుగులో పెట్టేయమంటుంది. ట్యూన్‌లో మొదటి స్వరం సాగితే మన మాట కూడా సాగాలి. ఒక తలనూనె ప్రకటనకి నా చేత అలాగే రాయించారు. "తలకు రాయండి" అని రాస్తే గాయని "తాలకు" అని పాడింది, పాపం ఆవిడేం చేస్తుంది, ట్యూన్ అలా ఉంది. వినేవాడికి వడ్లలో తాలు గుర్తొస్తుంది గానీ జుట్టు గుర్తురాదు. హ్రస్వం దీర్ఘమైతే తెలుగులో మాటే మారిపోతుంది. ముందు మాట రాసుకుని, నోటితో నాలుగుసార్లు పలికి, అది ఎక్కడ ఆగుతోందో చూసి ట్యూన్ కట్టాలి. నేను పట్టుబట్టేది ఇదొక్కటే.

ఏడోది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. "రాసింది ఒక చిన్నపిల్లకి ఒక్కసారి వినిపించి, మర్నాడు అడగండి" అని ఉంది. ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. మొన్న ఒక పప్పునూనె జింగిల్‌ని మా అక్క కూతురికి వినిపించాను. మర్నాడు ట్యూన్ మొత్తం పాడింది, నూనె పేరు దగ్గర మాత్రం "లాలలా" అంది. పేరుని రెండో లైను మొదటికి తెచ్చి మళ్ళీ రాస్తున్నాను. బాబాయ్, నీది ఆ తర్వాత మొదలుపెడతాను, ట్యూన్ మాత్రం కొత్తదే.