చిన్నత్త పెళ్లిలో సీలింగు ఫ్యాను రాజకీయ పాత్ర

మా ఇంటి సీలింగు ఫ్యానుకు ఘనమైన రాజకీయ చరిత్ర ఉందని ఇటీవలే తేలింది. తేల్చింది కృత్రిమ మేధ కనుక ఎదురు మాట్లాడే అర్హత నాకు లేదు.

మా మేనల్లుడు భువనేశ్వర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. సెలవులకు బరంపురం వచ్చి, బీరువా అడుగున పట్టుచీరల కింద ఉన్న వీడియో క్యాసెట్టును బయటికి లాగాడు. 1996 వేసవిలో ఈ ఇంట్లోనే జరిగిన మా చిన్నత్త పెళ్లి అది. "మామయ్యా, మామూలు ఇళ్లలోని వీడియోల్లో దేశ రాజకీయ చరిత్ర దాక్కుని ఉంటుంది. మనిషి కంటికి ఆనదు, యంత్రం పట్టేస్తుంది" అన్నాడు. మనిషి కంటికి ఆననివి ఆ క్యాసెట్టులో చాలానే ఉన్నాయి. సముద్రపు గాలికి పట్టిన బూజు ఒకటి. సరే, పట్టుకుపొమ్మన్నాను.

మూడు గంటల క్యాసెట్టు. సెకనుకు 25 చొప్పున 2,70,000 బొమ్మలు. యంత్రం ఒక్కటీ వదలకుండా చూసిందట. కట్నం ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు కూడా అంత శ్రద్ధగా చూడలేదు. వారం తిరిగేసరికి 41 పేజీల నివేదిక వచ్చింది.

మొదటి పేజీలోనే మా ఫ్యాను. వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ ఎన్నికల గుర్తు, 312 చోట్ల. ఆ పార్టీ పుట్టింది 2011లో. అంటే మా తాతయ్య పదిహేనేళ్లు ముందుగానే, అదీ ఒడిశాలో కూర్చుని, దాన్ని నడినెత్తిన తిప్పించుకున్నారన్నమాట. పక్కింటి ఒడియా ఆడవాళ్లు వచ్చి శంఖం ఊదితే ఇరుగుపొరుగు అభిమానం అనుకున్నాం. కాదట, శంఖం గుర్తున్న బిజూ జనతాదళ్ ప్రచారమట. ఆ పార్టీ 1997 డిసెంబరులో గానీ పుట్టలేదు, అయినా శంఖం ముందే మోగింది. వాకిట్లో పెద్దమ్మ వేసిన పద్మం ముగ్గు భారతీయ జనతా పార్టీ ఖాతాలో పడింది. పందిరి గుంజకు ఆనించిన వంటవాడి సైకిలు తెలుగుదేశానికి వెళ్లింది. ఇక పాణిగ్రహణం సంగతి చెప్పాలా? పెళ్లికొడుకు చిన్నత్త చెయ్యి పట్టుకున్న నాలుగు నిమిషాలూ హస్తం గుర్తుకు ఓట్లడగడమే. అక్షింతలు వేయడానికి చేతులెత్తిన వారంతా కాంగ్రెస్ కార్యకర్తలు. ఆశీర్వచనం పలికిన పురోహితుడు ముఖ్య వక్త. భోజనాల దగ్గర బూరెలు వద్దంటూ విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టిన మా పెదనాన్నను యంత్రం రెండుసార్లు లెక్కేసుకుంది. ఆయన రెండు ముఠాల మనిషి కాబోలు.

ఎన్నికల నియమాలను కఠినంగా అమలు చేసిన శేషన్ గారు ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా ఉన్న రోజులవి. సరిగ్గా ఎన్నికల వేళ, ఐదు పార్టీల గుర్తులతో, భోజనాలు పెట్టి మరీ సభ జరిపిన మా తాతయ్య మీద కేసు పడలేదంటే అది పూర్వజన్మ సుకృతం.

"ఒరేయ్, ఫ్యాను వేసింది ఉక్కకురా" అన్నాను.

"అది నీ అభిప్రాయం మామయ్యా. యంత్రం 94 శాతం నమ్మకంతో చెబుతోంది."

వేసవిలో బరంపురంలో ఫ్యాను వేయడానికి ఉక్క కాకుండా మరో కారణం ఉంటుందని 94 శాతం నమ్మగలిగినదాన్ని మేధ అంటున్నాం. మా అత్తయ్యలు తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగించే మాటల్ని బెంగాలీ అని కూడా అది నిర్ధారించింది. దానికి నేనేమీ బాధపడలేదు. విజయవాడ బంధువులూ ఇంచుమించు అదే అంటారు.

27వ పేజీలో ఊరేగింపు ఉంది. పెద్దబజారు దాటాక మేళం ఒక గోడ దగ్గర ఆగింది. లైటు మోసే కుర్రాడికి చెయ్యి లాగిందేమో, వెలుగును గోడ మీదికి వంచాడు. అది తెలుగు బడి ప్రహరీ. శేషన్ గారి భయానికి సున్నం కొట్టారు గానీ ఒక్క పూతే కొట్టారు. కింద నుంచి ఎర్రటి తెలుగు అక్షరాలు తేలుతున్నాయి, ఓటు వేయమని. ఆ వేసవిలో ప్రధాని పి.వి. నరసింహారావు గారు బరంపురం నుంచి లోక్‌సభకు నిలబడ్డారు. నంద్యాలలోనూ గెలిచి, దాన్ని వదులుకుని మా సీటు ఉంచుకున్నారు. ఒడిశాలో ఒక ఊరి గోడ మీద, తెలుగులో, దేశ ప్రధాని పేరు. తొమ్మిది సెకన్లు. మూడు గంటల క్యాసెట్టులో రాజకీయ చరిత్ర అంటూ ఉంటే అదే. యంత్రం రాసింది చూడండి: "నేపథ్యంలో అలంకరణ. ప్రాముఖ్యం లేదు."

నాకు నవ్వు అక్కడ ఆగిపోయింది. ఆ మాట యంత్రం కనిపెట్టింది కాదు. ఓట్లు కావలసినప్పుడు గోడ నిండా తెలుగు రాయించారు. అదే గోడ వెనక తెలుగు మాస్టారు రిటైరైతే ఇంకొకరిని వేయండని మా నాన్న అర్జీ పట్టుకుని తిరిగిన ప్రతి బల్ల దగ్గరా ఇదే అన్నారు, ప్రాముఖ్యం లేదని. మాస్టారు రాలేదు, పుస్తకాలు రాలేదు. ఆ తర్వాత పిల్లలు రావడం లేదు కాబట్టి తరగతి ఎత్తేశామన్నారు. మాస్టారు లేని తరగతికి పిల్లలు ఏం చూసి వస్తారు? అర్జీతో వరండాలో నిలబడ్డ మనిషిని ఎవరూ వీడియో తీయరు, ఏ కుర్రాడూ లైటు పట్టడు. మా నాన్న క్యాసెట్టులో కనిపించేది సాంబారు బకెట్టుతోనే. ఆయన గురించి నివేదిక: "కార్యకర్త కావచ్చు."

ఆఖరి పేజీలో నాయనమ్మ. వీడియో తీసే అతను "మామ్మా, ఒక మాట చెప్పండి" అంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. శబ్దాన్ని బూజు తినేసింది. నిశ్శబ్దం దొరికితే ఈ యంత్రాలు తాము తరచూ విన్నదాన్ని అందులో నింపేస్తాయి. అలా మా నాయనమ్మ 1996లో చెప్పిన మాట: "వీడియో చూసినందుకు ధన్యవాదాలు. మా ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకోండి." బొమ్మ మసకగా ఉందని యంత్రమే మెరుగు దిద్దితే కొంగు పక్క నుంచి పళ్లు కూడా వచ్చాయి. అప్పటికి ఆమెకు ఒక్క పన్నూ లేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మా గంజాం జిల్లా రెండు ముక్కలైనప్పుడు ఆమెకు ఆరేళ్లు. ఆమె అక్కను ఇచ్ఛాపురం ఇచ్చారు. పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న అక్క ఇల్లు ఆ రోజు మద్రాసు వైపు ఉండిపోయింది, తన ఇల్లు ఇటు వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఏమనుకున్నారు, ఎవరు ఏడ్చారు, ఎవరికి పట్టలేదు? చిన్నత్త పెళ్లి తర్వాత ఎనిమిదేళ్లు నాయనమ్మ ఈ హాల్లోనే మంచం మీద ఉంది. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు, చెప్పేది. ఒక్కరూ కూర్చోలేదు. నేను అదే హాల్లో క్రికెట్ చూశాను.

మేనల్లుడు నిన్న మళ్లీ వచ్చాడు, గృహప్రవేశం క్యాసెట్టు కూడా కావాలట. ముందు స్టూలు ఎక్కి ఫ్యాను రెక్కలు తుడవమన్నాను. 1996 నాటిదే, ఇంకా తిరుగుతోంది. మూడు రెక్కల మీదా వేలు మందాన దుమ్ము ఉంది.