మహారాజశ్రీ సూచిక గారికి

మహారాజశ్రీ పుస్తకం చివరి సూచిక గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నిజానికి కుశలం మీది ఒక్కరిదే, నాది నిన్న రాత్రితో సరి.

కోడూ దాని కథా ఒకే ఫైల్లో, మనిషి చదివే వరసలో రాసుకోవడాన్ని లిటరేట్ ప్రోగ్రామింగ్ అన్నాడు డొనాల్డ్ కనూత్. 1984లో ఆ సంగతి వ్యాసంగా అచ్చేసేనాటికే, ఆయన అందుకోసమే చేసిన 'వెబ్' అనే పనిముట్టులో (ఇంటర్నెట్ వెబ్ కాదు లెండి) మీ పెద్దలకు ఉద్యోగం ఉంది. కోడులోని ఏ పేరు ఏ సెక్షన్లో వాడారో అంకెలు వేసేవారు, పేరు పుట్టిన సెక్షన్ అంకె కింద గీత గీసేవారు. ఒంటక్షరం పేర్లకు మాత్రం పుట్టినచోట తప్ప లెక్క లేదు. పాపం 'ఐ', లూపు లూపునా చాకిరీ చేసినా హాజరు పడదు! (పడితే పుస్తకం కన్నా మీరే లావయ్యేవారు, అది వేరే సంగతి.)

ఆ పెద్దలకు పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాష అయినా వచ్చు. ఆ వెబ్ తరవాత వచ్చిన నోవెబ్ అనే పనిముట్టులో కొలువున్న తమరికి ఏ భాషా రాదు, అందుకే అన్ని భాషలకూ పనికొస్తారు. పేరు ఎక్కడ పుట్టిందో కూడా చాలాసార్లు నేనే 'డెఫ్' లైనులో రాసి చేతికివ్వాలి. ఆ లైను మరిచిపోయానా, ఆ పేరు మీ లెక్కలో పుట్టనే లేదు.

నిన్న 'స్టేట్' అనే పేరు మార్చబోయి మిమ్మల్ని అడిగాను. '3ఎ, 7బి, 9ఎ, 12సి' అన్నారు (అంకె పేజీది, అక్షరం ఆ పేజీలోని కోడు ముక్కది), ఎంత ధీమాగానో! 3ఎ నాది. 7బిలో ఉన్నది వేరే ఫంక్షన్ సొంత స్టేట్, పేరు కలిసిందే తప్ప చుట్టరికం లేదు. 9ఎలో అది కామెంటు. 12సిలో 'స్టేట్ తెలియదు' అనే ఎర్రర్ మెసేజీ. పేరు వినబడితే చాలు, పలికిందెవరో చూడకుండా హాజరు వేసేస్తారు కదా! మీ మాట నమ్మి నాలుగుచోట్లా మార్చాను. 7బి కూలింది. ఎర్రర్ మెసేజీని అక్షరం అక్షరం పోల్చి చూసే టెస్టు కూడా దాని వెనకే పోయింది. మీరు మాత్రం మళ్లీ నడిపితే కొత్త పేరు కింద అవే నాలుగు అంకెలు, అదే ధీమాతో అచ్చేశారు.

ఇట్లు,
తమ పేజీలు తిప్పి తిప్పి వేళ్లు అరిగిన విధేయుడు

తా.క. ఈ ఉత్తరంలో స్టేట్ చుట్టూ జోడు బ్రాకెట్లు కావాలనే పెట్టలేదు. వాటి మధ్య ఏది పెట్టినా మీకు కోడే, పెడితే దీన్నీ వాడకం కిందే రాసుకుంటారు.