కుర్చీ అడిగితే లేఅవుట్ చెడుతుందట

అనంతపురంలో లేఅవుట్ అంటే నాకు ఇన్నాళ్లూ ఒకటే అర్థం. ఊరి బయట నిన్నటిదాకా శనక్కాయ పండిన చేను, అందులో వరసగా తెల్లరాళ్లు, గాలికి ఊగే రంగు జెండాలు, షామియానా కింద మజ్జిగ ప్యాకెట్లు. అందుకే మా తమ్ముడి కొడుకు రిసెప్షన్‌కు పది రోజుల ముందు, బెంగళూరు నుంచి దిగిన ఈవెంట్ కుర్రాడు ట్యాబ్ తెరిచి "లేఅవుట్ చూపిస్తాను సార్" అనగానే సెంటు ఎంత చెబుతున్నారని అడిగేశాను.

అతను చూపించింది ప్లాట్లు కాదు, హైవే పక్కన కొత్తగా లేచిన ఒక హోటల్ హాలు. 60 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. మొత్తం 3,000 చదరపు అడుగులు, అంటే ఏడు సెంట్లకు కాస్త తక్కువ. ఆ ఏడు సెంట్లలో అక్కడొకటి ఇక్కడొకటి సున్నాలు చుట్టి ఉన్నాయి. అవి టేబుళ్లట. 30 అంగుళాల గుండ్రం, 42 అంగుళాల ఎత్తు.

"కుర్చీలు యాడుండాయప్పా?" అన్నాడు మా తమ్ముడు.

"ఇది స్టాండింగ్ కాక్‌టెయిల్ సార్. కూర్చుంటే గెస్టులు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోతారు. నిలబడితేనే మింగిల్ అవుతారు."

"మింగేదానికే కదా వచ్చేది. కూచోని మింగితే ఏమి?"

కుర్రాడు నవ్వలేదు. ఈ విద్య నేర్చినవాళ్లు నవ్వరు. వాళ్లకు దీనికొక శాస్త్రం ఉంది. నిలబడే మనిషికి 8 చదరపు అడుగులు చాలు. గుండ్రటి టేబుల్ చుట్టూ కుర్చీ వేసి కూర్చోబెట్టారా, అదే మనిషికి 12 కావాలి. లెక్క వేయండి. అదే హాల్లో కూర్చుంటే 250 మంది, నిలబడితే 375. ప్లేటుకింత అని వసూలు చేసే చోట ఈ తేడాను ఏమంటారు? మింగిల్ అంటారు.

నేనూ నా శాస్త్రం నేను వేశాను. సెంటుకు 54 మంది. తిమ్మమ్మ మర్రిమాను 19,107 చదరపు మీటర్ల మేర పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకం ఎక్కింది కదా, దాని కింద ఈ పద్ధతిలో 25 వేల మందికి పైగా కాక్‌టెయిల్ పార్టీ ఇవ్వొచ్చు. 2022లో జిల్లా విడగొట్టినప్పుడు చెట్టు శ్రీసత్యసాయి జిల్లాకు పోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి దాని ఊడలకు సీరియల్ లైట్లు చుట్టి ఉండేవాళ్లు.

నిజానికి ఆ శాస్త్రంలో మంచి మాటలు కూడా ఉన్నాయి. బార్ గుమ్మం దగ్గర పెట్టకూడదు, వచ్చినవాళ్లంతా అక్కడే ఆగిపోతారు. తిండి ఒకే చోట కాకుండా నాలుగు మూలలా పెట్టాలి. యాభై మందికి ఒకరు చొప్పున గ్లాసులు నింపేవాళ్లు ఉండాలి. ఎంత నిలబడే పార్టీ అయినా, వచ్చేవాళ్లలో కనీసం నాలుగోవంతు మందికి కుర్చీలు వేయాలి, పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి. మా కుర్రాడు ఈ పుస్తకంలో ఖర్చు తగ్గించే పేజీలు మాత్రమే చదివాడు. బార్‌కు ఇద్దరు. కుర్చీలు సున్నా.

ఇక 375 అనే అంకె. హాల్లో స్టేజీ ఉంది, డీజే ఉన్నాడు, బార్ ఉంది, ఐదు రకాల దోసెలు వేసే పెనం ఉంది. వీటిని తీసేస్తే మిగిలేది ఎంతో అడగొద్దు. మా తమ్ముడు పంచింది 400 కార్డులు. ఆ కార్డు మీద "సకుటుంబ సపరివార సమేతంగా" అని మనమే అచ్చు వేయిస్తాం. దాన్ని అక్షరాలా పాటించే నిజాయితీ ఈ జిల్లాలో ఇంకా చావలేదు.

రిసెప్షన్ రోజున నేను గమనించిన మొదటి సంగతి: మింగిల్ జరగలేదు. మనిషికి కుర్చీ లేకపోతే గోడ వెతుక్కుంటాడు. ఏడున్నరకల్లా నాలుగు గోడలూ నిండిపోయాయి. లేటుగా వచ్చినవాళ్లు స్తంభాలను పట్టుకున్నారు. లేపాక్షిలో డెబ్బై స్తంభాలుంటే ఒక్కటే నేలకు ఆనకుండా వేలాడుతుందని వింతగా చూస్తాం. ఇక్కడ ఉన్న నాలుగు స్తంభాలకూ మనుషులే వేలాడుతున్నారు. హాలు నడిమధ్యన, ఆ కుర్రాడు ప్రాణం పెట్టి గీసిన సున్నాల దగ్గర, ముగ్గురు పిల్లలు టేబుల్ గుడ్డ కిందికి దూరి దాగుడుమూతలు ఆడుతున్నారు.

రెండో సంగతి బార్. గుమ్మానికి దూరంగా పెట్టమన్నారు కదా, పెట్టాడు. స్టేజీకి పక్కన. అంటే అక్షింతలు వేయడానికి పోయే ప్రతి మేనత్తా, ప్రతి పెదనాన్నా బార్ ముందు నుంచే నడవాలి. తాగేవాడెవడో ఊరందరికీ తెలుసు, అయినా గ్లాసు పెద్దవాళ్ల కంట పడకూడదు. అది మన మర్యాద. దాంతో ఒక్కో పెద్దమనిషి అటు రాగానే పాతిక మంది కుర్రాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని, స్కూలు ప్రేయర్‌లో మాదిరి నిలబడుతున్నారు. ఆ పూట వెనకనున్నవాడి చొక్కా మీద ఒలికిన విస్కీ, గొంతుల్లోకి దిగినదానికన్నా ఎక్కువే ఉంటుంది.

తిండి సంగతికి వస్తాను. బఫే మీద ఏడవాల్సినవాళ్లంతా ఎప్పుడో ఏడ్చేశారు, నేను మళ్లీ ఏడవను. కానీ సంగటి! రాయలసీమ స్పెషల్ అని చెప్పి, రాగిసంగటిని ఉసిరికాయంత ఉండలు చేసి, ఒక్కోదానికి పళ్లు కుట్టుకునే పుల్ల గుచ్చి ట్రేలో తెచ్చారు. పక్కన బొటనవేలంత గాజు గ్లాసులో నాటుకోడి పులుసు. సంగటి తినడానికి ఒక పద్ధతి ఉంది కదా. మనిషి కూర్చోవాలి. ముద్ద నడుమ గుంట చేయాలి, అందులో పులుసు పడాలి, అంచు తుంచి ముంచి నమలకుండా మింగాలి. ఇక్కడ ఒక చేతిలో ప్లేటు, రెండో చేతిలో గ్లాసు. పుల్ల ఏ చేత్తో పట్టుకోవాలి? మా మామ ఒకాయన ముందు పులుసు తాగేశాడు, తర్వాత ఉండను పుల్లతో సహా నోట్లో పెట్టుకున్నాడు, అంతలో ఎదురుగా వియ్యంకుడు వచ్చి రెండు చేతులూ జోడించాడు. తిరిగి నమస్కారం పెట్టాలి. రెండు చేతులూ ఖాళీ లేవు, నోరూ ఖాళీ లేదు. ఆయన తల ఊపాడు. నోట్లోంచి బయటికి పొడుచుకొచ్చిన పుల్ల కూడా ఊగింది. వియ్యంకుడు దాన్ని అవమానంగానే తీసుకున్నాడు. ఆ ఉసిరికాయ పంచాయతీ ఇప్పటికీ తెగలేదు.

మా పెద్దమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి. ఆ 42 అంగుళాల టేబుల్ ఆమెకు గుండెల దాకా వచ్చింది. దాని అంచు రెండు చేతులతో పట్టుకుని, బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు నిలబడింది. "యాడన్నా కూచుంటాను నాయనా, కాళ్లు పీకుతాండాయి" అంది.

కుర్చీ కోసం వెళ్లాను. స్టేజీ వెనక తెర తీస్తే చిన్న గది, అందులో గుట్టలుగా కుర్చీలు, ఒకదాని మీద ఒకటి. తెల్లటి తొడుగులు, వీపున రిబ్బన్లు. ఆ హాలు మొత్తానికి హాయిగా కూర్చున్నది ఆ కుర్చీలే. ఒక్కటి ఇవ్వమన్నాను. మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. "సారీ సార్, లేఅవుట్ డిస్టర్బ్ అవుతుంది. డ్రోన్ షాట్‌లో పడుతుంది."

నాకింక నవ్వు రాలేదు.

ఈ ఊళ్లో నిలబడటం ఎవరికి కొత్త? రేషన్ షాపు ముందు నిలబడ్డాం, సబ్సిడీ విత్తనకాయల క్యూలో తెల్లవారుజాము నుంచి నిలబడ్డాం, బిందె పట్టుకుని నీళ్ల ట్యాంకర్ ముందు నిలబడ్డాం. అక్కడెవరూ మనల్ని పిలవలేదు, అవసరం కొద్దీ పోయాం. బొట్టుపెట్టి పిలిచి, ఒక ముసలామెను నిలబెట్టి, కుర్చీలకు తాళం వేసుకోవడం ఎక్కడి మర్యాద? డ్రోన్‌కు కనబడకూడనిది ఏమిటి, కుర్చీయా, అందులో కూర్చున్న ముసలామెనా?

అదే గదిలో గోడకు ఒక కాలు ఆనించి కేటరింగ్ కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. డిగ్రీ చదువుతున్నాడట, పూట కూలికి వచ్చాడు. మధ్యాహ్నం మూడు నుంచి ట్రే మోస్తున్నాడు. కుర్చీల గుట్ట అతనికి మూరెడు దూరంలో ఉంది, అయినా కూర్చోలేదు. సూపర్‌వైజర్ చూస్తే ఆ రోజు కూలి కోస్తారట. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని చట్టాన్నే సవరించారు. కూర్చోవడానికి చట్టం! చీరల కొట్టులో పొద్దంతా నిలబడే ఆడపిల్లలు కొట్లాడితే వచ్చిన చట్టమది. మనం అప్పులు చేసి మరీ నిలబడటాన్ని ఫ్యాషన్ చేసుకున్నాం. మా తమ్ముడు కట్టిన బిల్లులో జీఎస్టీ కూడా ఉంది.

కుర్చీ కోసం పోట్లాడి నేను బయటికి వచ్చేసరికి పెద్దమ్మ టేబుల్ దగ్గర లేదు. అక్షింతలు వేయడానికి స్టేజీ ఎక్కింది. అక్కడ పెళ్లికొడుకు, పెళ్లికూతురి కోసం బంగారు రంగు సింహాసనం లాంటి సోఫా ఉంది. హాలు మొత్తానికి కూర్చోగలిగిన వస్తువు అదొక్కటే. ఆమె ఇద్దరినీ దీవించింది, వెనక్కి తిరిగి, సోఫాలో మధ్యన కూర్చుంది. అంతే, లేవలేదు. ఫొటోగ్రాఫర్ "అవ్వా, కొంచెం" అన్నాడు. ఆమెకు చెవుడు లేదు, కానీ ఆ క్షణంలో వచ్చింది. అది చూసి మా చిన్నత్త కూడా స్టేజీ ఎక్కింది. ఆమె వెనక పెళ్లికూతురి వైపు అమ్మమ్మ. అరగంటలో సోఫా నిండిపోయింది. ఇద్దరు సోఫా చేతుల మీద సర్దుకున్నారు. కింద మా మామ నోట్లో పుల్ల అలాగే పెట్టుకుని, తన వంతు కోసం మెట్ల దగ్గర క్యూలో చేరాడు.

పోయిన వారం ఆల్బమ్ వచ్చింది. దాదాపు సగం ఫొటోల్లో పెద్దమ్మ నడుమ దర్జాగా కూర్చుని ఉంది, ఒడిలో ఉసిరికాయ సంగటి ప్లేటు. పెళ్లికొడుకు పక్కన నిలబడి ఉన్నాడు.