వెనకవైపు ఫొటో అడిగితే అంత కోపమెందుకు?

యానిమేషన్ సినిమా పోస్టర్లు సేకరించే నాలాంటివాళ్ల ప్రాణం తోడేస్తున్నది అమ్మేవాళ్లే. నిన్నగాక మొన్న ప్రింటు తీసిన కాగితానికి 'ఒరిజినల్' అని పేరు తగిలించి వేలకు వేలు అడుగుతారు. వెనకవైపు కూడా ఒక ఫొటో పెట్టండి సార్ అంటే చాలు, "కొంటే కొనండి, లేకపోతే వదిలేయండి" అని కసురుతారు.

ఊరికే అడుగుతామా? 1990ల నుంచి అమెరికా థియేటర్లకు వెళ్లిన పోస్టర్లలో చాలావాటికి రెండువైపులా ప్రింటు ఉంటుంది. లైట్‌బాక్సులో, అంటే వెనక నుంచి లైటు వెలిగే పెట్టెలో పెట్టినప్పుడు రంగులు నిండుగా కనబడాలని, అదే బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి వెనక లేతగా వేస్తారు. సైజు మామూలుగా 27 x 40 అంగుళాలు. 24 x 36 కనబడితే అది ఎక్కువగా దుకాణాల్లో అమ్మడానికి వేసిందే. జపాన్ యానిమేషన్ స్టూడియో జిబ్లీ పోస్టర్లయితే ఎక్కువగా బీ2 అనే కాగితం సైజు, అంటే 51.5 x 72.8 సెంటీమీటర్లు.

రీప్రింటు అమ్మడం తప్పని నేననను. గోడకి అందం కావాలనుకునేవాళ్లకి అది చాలు. కానీ రీప్రింటని చెప్పి అమ్మండి, ఆ ధరకే అమ్మండి!

ఇక ఫ్రేములు కట్టేవాళ్లు. బంక పెట్టొద్దు, లామినేషన్ వద్దు అని ఎంత బతిమాలినా, అట్టకి అంటించేసి "ముడత లేకుండా చేశాను సార్" అన్నాడు నా పోస్టర్‌కి ఫ్రేము కట్టినాయన. పైగా ఫ్రేములో పట్టలేదని కింది అంచు కోసేశాడు. స్టూడియో పేరు, కాపీరైట్ సంవత్సరం ఉన్న సన్నక్షరాల వరుస ఆ ముక్కలోనే పోయింది. అది లేని పోస్టర్‌ను ఇక ఎవరు ఒరిజినల్ అని నమ్ముతారు?