పుస్తకం తలకిందులుగా ఉందేమో చూసుకోండి సార్

పిల్లలకు చదవడం మీద ఇష్టం కలగాలంటే ముందు పంతుళ్లు చదువుతూ కనబడాలని పెద్దలు సెలవిచ్చారు. మాట జాగ్రత్తగా గమనించండి. కనబడాలన్నారు. దాంతో సగం పని తేలికైపోయింది.

ఇష్టాన్ని ఉత్తర్వుతో పుట్టించడం మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020 నవంబరులో ‘చదవడం మాకిష్టం’ అనే కార్యక్రమం మొదలైంది. ఇష్టమో కాదో పిల్లల్ని అడిగే శ్రమ లేకుండా పేరులోనే తేల్చేశారు. 2022 జనవరి 1న కేంద్రం 100 రోజుల పఠన ఉద్యమం పెట్టింది, వారానికో పని చొప్పున 14 వారాలు. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 5న, తెలంగాణ తన 100 రోజులు తాను మొదలెట్టింది. నూట ఒకటో రోజున ఇష్టం ఎక్కడికి పోయిందని అడక్కండి. రిపోర్టు నూరో రోజునే పైకి వెళ్లిపోయింది.

కాబట్టి ముందుగా ఫోటో. పదకొండున్నరకల్లా తీసేయాలి. భోజనాలయ్యాక అయితే సాంబారు వేళ్లు అట్ట మీద పడతాయి. పిల్లల్ని అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, నడుమ కుర్చీలో మాస్టారు. వెనక బోర్డు మీద తేదీ, కార్యక్రమం పేరు, బడికి సర్కారు ఇచ్చిన 11 అంకెల గుర్తింపు సంఖ్య, అదే యూడైస్ కోడ్. పెద్ద సైజు బొమ్మల పుస్తకం పట్టుకోవద్దు, ముఖం కప్పేస్తుంది. ముఖం కనబడని పఠనం లెక్కలోకి రాదు. మరీ చిన్నదైతే సెల్‌ఫోన్ పట్టుకున్నట్టుంటుంది, చూసేవాళ్లు నిజమే అనుకునే ప్రమాదం ఉంది. ఒకటో తరగతి పిల్లల పుస్తకాలు తలకిందులుగా ఉన్నాయేమో ఒకసారి చూసుకోవాలి, ఆ తర్వాత మన చేతిలోదీ. సోమవారం ఫోటోలోనూ గురువారం ఫోటోలోనూ ఒకే పేజీ తెరిచి ఉన్నా ఫర్వాలేదు. వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మలు పెట్టేవాళ్లు పేజీ నంబర్లు చూడరు.

ఫోటో అయ్యాక పుస్తకాలు బీరువాలోకి. ఇది అసలు ఘట్టం. పుస్తకం రాగానే స్టాక్ రిజిస్టరులో ఎక్కించాలి, మొదటి పేజీ మీదా లోపలింకో పేజీ మీదా బడి ముద్ర వేయాలి, నంబరు రాయాలి, వెల రాయాలి. హెడ్మాస్టరు బదిలీ అయినప్పుడు చార్జి అప్పగింతలో ఇవన్నీ లెక్కకు రావాలి. ఒకటి తగ్గితే జవాబు చెప్పుకోవాలి. ఒక్కటీ చదవలేదంటే మాత్రం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఈ రెండు వాక్యాలూ అర్థమైనవాడు తాళం వేయక ఏం చేస్తాడు? నాఫ్తలీన్ గోళీలు వేసి మరీ వేస్తాడు. అవి ఆవిరైపోయాక రామబాణం పురుగు దిగుతుంది. దానికి అట్ట కింద జిగురన్నా పిండిపదార్థమన్నా ప్రాణం. ఇంత చేసినా ఆ బీరువాలో పుస్తకాన్ని ఆసాంతం పూర్తిచేసేది అదొక్కటే, అది కూడా సంతకం పెట్టకుండా.

కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళిలో (2017) 215వ నియమం ఒకటుంది. అక్కడి గ్రంథాలయాల్లో ఏడాదికి ఇచ్చిన, చదివిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజమేనట, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే. ఢిల్లీవాళ్ల ధైర్యం చూడండి. కానీ లెక్క కట్టేది ఇచ్చినవాటి మీద. ఒక్కటీ ఇవ్వని బీరువాకు పోగొట్టుకునే హక్కూ సున్నాయే. అన్నట్టు, 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు వేసి ఊళ్లకు పంపించారు. ఆ పడవకు తాళం ఎక్కడ వేయించారో తెలిస్తే బాగుండేది.

ఇక హెచ్చరిక. కొందరు పంతుళ్లు నిజంగానే చదువుతారు. వాళ్లను గుర్తుపట్టడం తేలిక. తరగతి గోడకు పురికొస కట్టి, క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీస్తారు. అదీ పిల్లల కంటి ఎత్తున, మూడడుగులకు, అట్ట బొమ్మ ఇవతలికి కనబడేలా. వీపు మాత్రమే కనబడేలా బీరువాలో నిలబెడితే ఏ పిల్లవాడూ ముట్టుకోడన్న రహస్యం వాళ్లకు తెలుసు. రోజూ పావుగంట గదంతా మౌనం. ఆ పావుగంటలో నోటుబుక్కులు దిద్దుకోవచ్చు కదా? దిద్దరు. పంతులు దిద్దుతూ కూర్చుంటే చదవడం పనిలేనివాళ్ల పని అని పిల్లలు పట్టేస్తారట. అందుకని సొంత పుస్తకం, సిలబస్‌లో లేనిది, తెచ్చుకుని చదువుతారు. మధ్యలో ఫక్కున నవ్వుతారు. “ఏంటి సార్? చెప్పండి సార్!” అని వెనక బెంచీ అడిగిందంటే ఆ తరగతి చేజారినట్టే.

ఇంతకంటే ఘోరం పైకి చదివి వినిపించడం. నక్క బావి గట్టు మీద ముందుకాళ్లు పెట్టి లోపలికి తొంగిచూసే చోట ఆపి, పుస్తకం బల్ల మీద వదిలేసి, బెల్లు కొట్టారని వెళ్లిపోతారు. ఇంటర్వెల్లులో ఆ పుస్తకం కోసం కొట్లాట. పేజీ చిరుగుతుంది. దాన్ని అన్నం మెతుకులతో అతికిస్తారు. రామబాణానికి అది విందుభోజనం.

అయినా కంగారు పడకండి, మందుంది. పుస్తకం మూయగానే “ఇందులో నీతి ఏమిటి?” అని అడగండి. అయిదు ప్రశ్నలకు జవాబులు, పది కొత్త పదాలు, సొంత మాటల్లో సమీక్ష రాయించండి. రెండో వారానికి పిల్లవాడు అన్నిటికన్నా పలచని పుస్తకం వెతుక్కుంటాడు. మూడో వారానికి పోయిన వారం పుస్తకమే మళ్లీ తీస్తాడు, సమీక్ష ఎలాగూ రాసిపెట్టి ఉంది కదా.

అలాగని మన పంతుళ్లు చదవరని నింద వేస్తే కళ్లు పోతాయి. డీఏ (కరువు భత్యం) జీవో వచ్చిన మధ్యాహ్నం స్టాఫ్ రూం చూడండి. అంత ఏకాగ్రత పరీక్ష హాల్లో కూడా ఉండదు. వేలితో తెర మీద అక్షరం పెద్దది చేసి, పెదాలు కదుపుతూ, పేరా పేరాకు ఆగి చదువుతారు. ‘నోషనల్’ అంటే చేతికొచ్చేదా కాగితం మీదేనా అని ఒక్క పదం మీద అరగంట చర్చ. మళ్లీ మొదటికొచ్చి చదవడం, పక్క బడికి ఫోన్ చేసి చదివి వినిపించడం. ఆనందం, ఆగ్రహం, నిట్టూర్పు. చదవడమంటే ఎలా ఉండాలో కిటికీ ఊచలు పట్టుకుని నాలుగో తరగతి మొత్తం కళ్లారా చూస్తుంది.

సాయంత్రం వీధి అరుగు మీద వాళ్లే బడి ఆట ఆడతారు. టీచరైన పిల్ల ఒక పలక ముక్క అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో దాన్ని పైకి తోస్తూ, తనలో తాను నవ్వుకుంటూ, తలెత్తకుండానే అంటుంది: “ఏయ్, సైలెన్స్! పుస్తకాలు తీసి చదవండి.”